మధ్యలో దిగలేని ప్రయాణం

(రాజమహేంద్రవరంలో ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఒక ప్రత్యేక విద్య ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సెలవు రోజైనా పొద్దున్నే పిల్లలను తయారుచేసి, టిఫిన్లు పెట్టి, ఇంత దూరం వచ్చారు. తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మలు కూడా వచ్చినందుకు నాకు మరీ సంతోషంగా ఉంది. ఈ రోజు నేను చెప్పబోయే వాటిలో చాలా పనులు మీ సాయం లేకుండా జరిగేవి కావు.

గోదావరి ఒడ్డున బతుకుతున్నవాళ్ళం మనం. చుట్టాలు వస్తే పాపికొండలు, కార్తీకం వస్తే వనభోజనాలు, అంతర్వేది తీర్థానికి వెళ్ళాలంటే రేవు దాటడం. ఇక్కడి పిల్లలు పడవ ఎక్కకుండా పెరగడం అరుదు. మన పిల్లల సంగతి వచ్చేసరికి మాత్రం ఇళ్ళలో రెండు మాటలే వినిపిస్తాయి. "వాణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలేసి వెళ్దాం" అంటారు కొందరు. "తీసుకెళ్తే వాడే అలవాటు పడతాడు" అంటారు మరికొందరు. నేను ఈ రెండింటినీ ఒప్పుకోను. మొదటిది పిల్లల హక్కును కాదనడం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. విహారం, వినోదం కూడా వాళ్ళకు అందరితో సమానంగా అందాలని ఆ చట్టమే చెబుతోంది. ఇక రెండో మాట ప్రమాదకరమైనది. ఎందుకో చెబుతాను.

బస్సులో పిల్లవాడు తట్టుకోలేకపోతే తర్వాతి స్టాపులో దిగిపోతాం. పెళ్ళిలో బాజాలు మొదలై చెవులు మూసుకుంటే ఆరుబయటికి తీసుకొచ్చేస్తాం. ఏ కొత్త చోటుకు వెళ్ళినా బయటికి వచ్చేసే దారి ఒకటి ఉంటుంది కాబట్టి మనం ధైర్యంగా వెళ్తాం. పడవలో ఆ దారి లేదు. రేవు వదిలాక మళ్ళీ రేవు వచ్చేదాకా అందులోనే ఉండాలి. ఆ సంగతి మనకు ఎక్కేముందే తెలుసు. ఎవరైనా చెబితే తప్ప పిల్లలకు తెలియదు. అందుకే నన్ను సలహా అడిగిన తల్లిదండ్రులను, పిల్లలకు నీళ్ళంటే భయమా ఇష్టమా అని కాకుండా, "ఎక్కిన తర్వాత ఎంతసేపటికి దిగుతారు?" అని ముందు అడుగుతాను. తొలి ప్రయాణంలో మిగతావన్నీ దాన్నిబట్టే తేలతాయి.

అలా చూస్తే పాపికొండలు తొలి ప్రయాణానికి పనికిరావు. గండి పోచమ్మ గుడి దగ్గర ఎక్కితే దాదాపు రోజంతా బోటులోనే. భోజనాలు అందులోనే, మైకులో పాటలు అందులోనే, పేరంటాలపల్లి దగ్గర ఆగి దిగడం, మళ్ళీ ఎక్కడం. అంత అందమైన చోటు మన పిల్లలకు ఎందుకు దక్కకూడదు? తప్పకుండా దక్కాలి, కానీ నాలుగైదు చిన్న ప్రయాణాలు బాగా గడిచిన తర్వాత. మొదటిసారికి పావుగంటలో ముగిసేది వెతకండి. మన ఘాట్ దగ్గర చిన్న షికారు చాలు. విజయవాడలో చుట్టాలుంటే భవానీ ద్వీపానికి వెళ్ళే బోటు ఉంది, హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహం దాకా వెళ్ళే బోటు ఉంది. ఈ రెండింటి విషయంలో ఒక మెలిక ఉంది. అక్కడ దిగి, మళ్ళీ ఎక్కి వెనక్కి రావాలి. దిగగానే అయిపోయిందనుకున్న పిల్లవాణ్ణి మళ్ళీ బోటెక్కమంటే వాడికి అది మోసంలా ఉంటుంది. "రెండుసార్లు పడవ" అని ముందే చెప్పండి.

కోనసీమ నుంచి వచ్చిన ఒక నాన్నగారు సఖినేటిపల్లి రేవులో పంటు మీద, అంటే మనుషులనూ బండ్లనూ నది దాటించే బల్లకట్టు మీద, తీసుకెళ్ళవచ్చా అని చీటీ రాసి పంపారు. పంటు వెడల్పుగా ఉంటుంది, అంతగా ఊగదు, అవతల నరసాపురం కళ్ళముందే కనిపిస్తుంది. ఆ మేరకు మంచిదే. కానీ మోటారు సైకిళ్ళు, కార్లు, వాటి హారన్లు, జనం తోపులాట ఉంటాయి. మన పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ అక్కడ దొరుకుతుందని నమ్ముకోకూడదు. సొంత జాకెట్ తీసుకెళ్ళి, రద్దీ లేని వేళ చూసుకుని, బండ్లకు దూరంగా మధ్యలో చోటు దొరికితేనే ఎక్కండి.

ఇప్పుడు అందరికన్నా ముందు నాన్నలు వినవలసిన సంగతి. మన పిల్లల్లో చాలామందికి నీళ్ళంటే భయం ఉండదు, ఆకర్షణ ఉంటుంది. మెరుపు, కదలిక, చేతికి తగిలే చల్లదనం వాళ్ళను లాగుతాయి. 2012లో అమెరికాలో ఒక పెద్ద సర్వే వెలువడింది. నాలుగేళ్ళు దాటాక కనీసం ఒక్కసారైనా చెప్పకుండా వెళ్ళిపోయే ప్రయత్నం చేశారని దాదాపు సగం మంది ఆటిజం పిల్లల గురించి తల్లిదండ్రులు చెప్పారు. కంగారు పడేంతసేపు కనిపించకుండా పోయిన పిల్లల్లో దాదాపు నాలుగో వంతు మందికి నీళ్ళలో మునిగే ప్రమాదం ఎదురైంది. మనకు అడుగడుగునా కాలవలు, చెరువులు, గట్లు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన సంగతి ఈ సభలో ఎవరికీ గుర్తు చేయనక్కరలేదు. అందుకే లైఫ్ జాకెట్ విషయంలో నేను ఏ మినహాయింపునూ ఒప్పుకోను. పిల్లవాడు వేసుకోకపోతే ఆ రోజు పడవ ఎక్కవద్దు. డబ్బు కట్టేసినా, బంధువులంతా ఎక్కి కూర్చున్నా సరే, ఎక్కవద్దు.

అయితే, రేవు దగ్గర ఎవరో అప్పటికప్పుడు తెచ్చి మెడలో వేసే జాకెట్‌ను మన పిల్లలు ఎందుకు భరించాలి? అది తడిగా ఉంటుంది, వాసన వేస్తుంది. మెడ దగ్గర ఒరుసుకుంటుంది, బకిల్ పెట్టేటప్పుడు టక్కుమంటుంది. కొందరు పిల్లలకు ఆ బిగుతు హాయిగా కూడా ఉంటుంది, కానీ అది ఎవరికి హాయో ఎవరికి బాధో ఇంట్లోనే తేలాలి. జాకెట్ కొని తెచ్చుకోండి. వయసును బట్టి కాకుండా బరువును బట్టి కొనండి. తొడిగి, బకిళ్ళన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం, చెవులు దాటి పైకి వచ్చేస్తే అది నీళ్ళలో పిల్లవాణ్ణి కాపాడదు, జారిపోతుంది. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ, తల వెనుక మెత్తటి కాలరు ఉన్నవి చిన్నపిల్లలకు మంచివి. చేతులకు తొడిగే గాలి బుడగలు ఆటబొమ్మలు మాత్రమే, వాటిని నమ్మి నది మీదికి వెళ్ళకండి.

తెచ్చిన రోజే తొడగకండి. హాల్లో సోఫా మీద పడేసి ఉంచండి, వాళ్ళే వచ్చి ముట్టుకుంటారు, వాసన చూస్తారు. తర్వాత ఇష్టమైన కార్టూన్ చూసేటప్పుడు కాసేపు ఒళ్ళో, ఆ తర్వాత భుజాల మీద, చివరికి ఒక్కో బకిల్. విసుగు రాకముందే మీరే తీసేయండి. ఇక్కడొక చిక్కు వస్తుంది, నన్ను చాలామంది అమ్మలు అడిగారు. "తీసెయ్యి" అని పిల్లలు చెబితే వినాలని మీరే నేర్పారు కదా, మరి నది మధ్యలో తీసేయమంటే ఏం చేయాలి అని. చాలా సరైన ప్రశ్న. దానికి నేను నేల మీద ఒక దుప్పటి పరుస్తాను. దుప్పటి మీద ఉన్నంతసేపూ జాకెట్ ఉంటుంది. దుప్పటి దిగగానే తీసేస్తాం. "తీసెయ్యి" అంటే దుప్పటి దిగు అని చూపిస్తాను, దిగిన మరుక్షణం మాట తప్పకుండా తీస్తాను. మొదట అరనిమిషం, తర్వాత రెండు నిమిషాలు, అలా పెంచుకుంటూ పావుగంట దాకా. దుప్పటిని పడవ అనుకుందాం అని చెప్పనక్కరలేదు. మన పిల్లల్లో అనుకోవడం ఆటలు అందరికీ అందవు. ఈ చోట ఉంటే ఇది ఒంటి మీద ఉంటుంది అనే నియమం మాత్రం చాలామందికి చక్కగా అందుతుంది. రేవుకు వెళ్ళే రోజు అదే దుప్పటిని మడిచి తీసుకెళ్ళి బోటులో సీటు మీద పరవండి. నియమం కూడా దానితోపాటే వస్తుంది.

ఇక పుస్తకం. ప్రతి ఇంట్లోనూ దీన్ని తయారు చేయాలని నా కోరిక. కొన్నది వద్దు, మీ పిల్లవాడి ఫొటోలతో మీరే చేసింది కావాలి. ఎనిమిది పది పేజీలు చాలు. ఒక్కో పేజీకి ఒక ఫొటో, కింద ఒకటి రెండు వాక్యాలు, పిల్లవాడు తానే చెబుతున్నట్టుగా. "నేను, అమ్మ, నాన్న ఘాట్‌కు వెళ్తాం. నేను జాకెట్ వేసుకుంటాను. బల్ల మీదుగా నడిచి బోటు ఎక్కుతాను. నాన్న నా చేయి పట్టుకుంటారు. ఇంజను చప్పుడు చేస్తుంది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చు. బోటు ఊగుతుంది. ఊగడం బోటుకు మామూలే. బోటు కదిలేటప్పుడు నేను కూర్చుని ఉంటాను. బోటు మళ్ళీ ఘాట్‌కు వస్తుంది. నేను దిగుతాను. జాకెట్ తీసేస్తాను." ఇంతే. "నాకు చాలా సరదాగా ఉంటుంది" అని రాయకండి. "నేను ఏడవను, మంచి అబ్బాయిలా ఉంటాను" అని అసలే రాయకండి. అది మన ఆశ, వాడికి తెలియవలసిన విషయం కాదు. సరదాగా లేకపోతే పుస్తకం అబద్ధమవుతుంది, తర్వాత మీరు రాసే ఏ పుస్తకాన్నీ వాడు నమ్మడు.

ఒక పేజీ మాత్రం అందరూ మరిచిపోతారు. "కొన్నిసార్లు గాలి ఎక్కువగా ఉంటుంది. కొన్నిసార్లు వరద వస్తుంది. అప్పుడు బోటు నడవదు. మేము ఒడ్డున కూర్చుని వేరుశెనగలు తిని ఇంటికి వస్తాం." జూలై నుంచి సెప్టెంబరు దాకా మన గోదావరి ఎప్పుడు పొంగుతుందో చెప్పలేం. నెల రోజులుగా చదువుకున్న పుస్తకంలో బోటు ఉండి, రేవులో లేకపోతే ఎంత కష్టమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. నిజానికి వర్షాకాలంలో తొలి ప్రయాణం పెట్టుకోకపోవడమే నయం. కార్తీక మాసం ఆదివారాలు కూడా వద్దు, ఆ రద్దీ, ఆ మైకులు పెద్దవాళ్ళకే కష్టం. మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి.

ఎక్కే రోజు రాకముందే ఒకసారి రేవుకు వెళ్ళి రండి, ఎక్కడానికి కాదు, చూడటానికి. ఆ రోజు పిల్లలకు చూపే బొమ్మలో పడవ మీద అడ్డగీత కొట్టండి, "ఈ రోజు చూడటమే" అని. అక్కడ ఇంజను చప్పుడును ఫోనులో రికార్డు చేసుకుని, ఇంటికి వచ్చాక మొదట సన్నగా, రోజురోజుకీ కాస్త పెంచుతూ వినిపించండి. బల్ల ఎంత వెడల్పుందో, పక్కన పట్టుకోవడానికి తాడుందో లేదో చూసుకోండి. నీళ్ళ పైనుంచి నడవడం, కింద సందులో నీళ్ళు కదలడం, కొందరికి అన్నిటికంటే అదే కష్టం. బోటు లోపల ఎలా ఉన్నా అక్కడే ఆగిపోతారు.

అప్పుడే బోటు నడిపే సరంగుతో మాట్లాడండి. మన రేవుల్లో సరంగులు మంచివాళ్ళు, విషయం చెబితే అర్థం చేసుకుంటారు. "మా పాపకు మాటలు రావు, కానీ మీరు చెప్పేది అర్థమవుతుంది. వెనుక నుంచి వచ్చి చేయి పట్టుకోకండి. హారన్ కొట్టేముందు మాకు సైగ చేయండి. ఆ పావుగంట పాటలు పెట్టకండి." ఇంతకంటే చెప్పనక్కరలేదు. జబ్బు, లోపం లాంటి మాటలు వాడకండి, పాప ముందు అసలే వద్దు.

కూర్చునే చోటు గురించి. పిల్లలు ముందు కూర్చుంటామంటారు, అక్కడి నుంచి బాగా కనిపిస్తుంది కాబట్టి. కానీ పడవ ముందు భాగమే ఎక్కువగా లేచి పడుతుంది. వెనుక ఇంజను, డీజిల్ వాసన. పైఅంతస్తు ఉన్న బోట్లలో ఊగుడు పైన ఇంకా ఎక్కువ. అందుకని కింది అంతస్తులో మధ్య భాగం, అంచుకు ఒక సీటు లోపలికి. అంచు వైపు పెద్దవాళ్ళు కూర్చోవాలి. ఊగుడుకు ముందే అలవాటు కావాలంటే మన ఇళ్ళలో ఉయ్యాల బల్లలున్నాయి, పార్కుల్లో ఊయలలున్నాయి. అయితే ఉయ్యాల ఒక లెక్క ప్రకారం ఊగుతుంది, పడవ అలా ఊగదు, ఎటు ఒరుగుతుందో తెలియదు. మంచం మీద పరుపుపై కూర్చోబెట్టి, మీరు పక్కన లేస్తూ కూర్చుంటూ ఉంటే ఆ తెలియని కదలిక కొంత అలవాటవుతుంది. దాన్ని ఆటగా చేయండి, అక్కాతమ్ముళ్ళను కలుపుకోండి.

కడుపులో తిప్పడం మన పిల్లలు చెప్పలేరు. మాటలు బాగా వచ్చిన వాళ్ళు కూడా చాలామంది చెప్పలేరు, ఒంటి లోపలి సంగతులు వాళ్ళకు స్పష్టంగా తెలియకపోవచ్చు. ముఖం పాలిపోవడం, ఆవలింతలు, నోట్లో నీళ్ళూరడం, ఉన్నట్టుండి మాట మానేయడం, ఇవి చూసుకోండి. అలవాటైన తేలికపాటి టిఫిన్ పెట్టి తీసుకెళ్ళండి. వాంతుల మందు ఇవ్వాలనుకుంటే పిల్లల డాక్టరును ముందు అడగాలి, ఇప్పటికే వేరే మందులు వాడుతుంటే అడగకుండా ఇవ్వనే కూడదు. ఆటిజంతోపాటు మూర్ఛ ఉన్న పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళను నీళ్ళ మీదికి తీసుకెళ్ళవచ్చా అనేది డాక్టరే చెప్పాలి. ఆయన సరేనన్నా, ఒక పెద్దమనిషి చేయి చాపితే అందేంత దగ్గర ఎప్పుడూ ఉండాలి.

ఇప్పుడు మళ్ళీ మొదటి ప్రశ్న దగ్గరికి వస్తాను. ఎంతసేపటికి దిగుతాం? "ఇంకో పది నిమిషాలు" అంటే గడియారం తెలియని పిల్లలకు ఏమీ అర్థం కాదు. అందుకని దారిలో కనిపించే వాటి ఫొటోలు ఒక అట్ట ముక్క మీద వరుసగా అంటించండి. ఇక్కడైతే ఘాట్, 1997 నుంచి రైళ్ళు నడవని ఆ పాత హేవలాక్ వంతెన, రైళ్ళు నడిచే కొత్త వంతెన, మళ్ళీ ఘాట్, ఇలా మీ బోటు ఎటు వెళ్తే అవి. ఒక్కొక్కటీ దాటగానే ఆ ఫొటో పీకి పిల్లవాడి చేతే సంచిలో వేయించండి. చివరికి ఘాట్ ఒక్కటే మిగులుతుంది. ఎంత మిగిలిందో కంటితో చూడగలిగితే, చేత్తో ముట్టుకోగలిగితే, భరించే శక్తి ఎంతగా పెరుగుతుందో నేను పిల్లల ముఖాల్లో చూశాను. రైళ్ళంటే ప్రాణం పెట్టే పిల్లలు మన మధ్య చాలామంది ఉన్నారు. వంతెన మీద రైలు వచ్చే వేళ చూసుకుని బోటు ఎక్కించండి. అంతకంటే మంచి బహుమతి ఏముంటుంది?

అన్నీ చేసినా మధ్యలో పిల్లవాడు తట్టుకోలేకపోవచ్చు. అప్పుడు లేచి నిలబడనివ్వకండి. మీరిద్దరూ కింద, బోటు మధ్యలో, దుప్పటి మీద కూర్చోండి. మాటలు తగ్గించండి. "ఊరుకో, ఊరుకో" అని నలుగురూ నాలుగు వైపుల నుంచి అనడం ఆపాలి, ఆ పని తాతయ్యలది. చుట్టూ చేరినవాళ్ళను దూరం పంపండి, ఎవరైనా ఫోను తీస్తే మర్యాదగా దించమనండి. హెడ్‌ఫోన్లు, మిగిలిన ఫొటోల అట్ట, వాడికి ఇష్టమైన వస్తువు అందించి పక్కన ఉండండి. జాకెట్ మాత్రం తీయకండి.

అందుకే కనీసం ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలంటాను. ఒకరు ఆ పిల్లవాడి కోసమే, ఇంకే పనీ లేకుండా. ఫొటోలు తీయడం, చిన్నదాన్ని ఎత్తుకోవడం, టికెట్లు చూడటం రెండో మనిషి పని. ఆ కాపలా అక్కకో అన్నకో అప్పగించకండి. వాళ్ళు కూడా పిల్లలే, వాళ్ళకు కూడా అది షికారే.

బామ్మలకు ఒక విన్నపం. గోదారమ్మకు చిల్లర వేయడం మనకు ఆచారం. పడవలో పిల్లల చేతికి రూపాయి ఇచ్చి, వంగి నీళ్ళలో వేయమనకండి. వేసిన నాణెం మెరుస్తూ మునుగుతుంటే దాని వెంటే వంగుతారు. మొక్కు ఘాట్ మెట్ల మీద తీర్చుకుని అప్పుడు పడవ ఎక్కండి.

బట్టలు నారింజ రంగువో, ముదురు పసుపువో వేయండి. నీలం, తెలుపు నీళ్ళలో కనిపించవు. జాకెట్ లోపల చెరగని ఇంకుతో మీ ఫోను నంబరు రాయండి. మాటల బదులు కార్డులు వాడే పిల్లలకు "చెవులు", "నీళ్ళు", "ఒంటికి వెళ్ళాలి", "ఇంకెంత" కార్డులు తాడుకు కట్టి జాకెట్‌కే తగిలించండి. సంచిలో పెడితే కావలసినప్పుడు అందవు.

(సభలో ఒక తల్లి: మేడమ్, ఇవన్నీ చేసి రేవుకు వెళ్ళాక, బల్ల దాకా వచ్చి ఎక్కనంటే?)

ఎక్కించకండి, అమ్మా. "సరే, ఈ రోజు ఇక్కడిదాకా" అని చెప్పి ఒడ్డున కూర్చోండి. ఎత్తుకుని ఎక్కించేస్తే పావుగంటలో పని అయిపోతుంది, కానీ తర్వాత పాప రేవు దగ్గరికే రాదు. తను వద్దంటే మీరు విన్నారని పాపకు తెలిస్తే మళ్ళీ వస్తుంది. తర్వాతిసారి కట్టేసి ఉన్న పడవ ఎక్కి దిగండి, అంతే. సరంగుకు ఓ టీ డబ్బులిస్తే అయిదు నిమిషాలు ఎక్కనిస్తాడు.

(మరో తండ్రి: ఈత నేర్పించాలా?)

తప్పకుండా, వీలైనంత త్వరగా. వెల్లకిలా తేలడం, తిరిగి గోడ పట్టుకోవడం, ఈ రెండూ వస్తే సగం భయం తీరుతుంది. ఎప్పుడో ఒకసారి బట్టలతో కూడా నీళ్ళలోకి దింపి నేర్పించమని అడగండి, పిల్లలు ప్రమాదంలో పడేది ఈత దుస్తుల్లో కాదు. అయితే ఈత వచ్చినా నది మీద జాకెట్ ఉండాల్సిందే.

వెళ్ళి వచ్చిన మర్నాడు ఏ పనీ పెట్టుకోకండి. పడవలో నిశ్శబ్దంగా, బుద్ధిగా ఉన్న పిల్లలు సాయంత్రం ఇంటికి వచ్చాక కుప్పకూలడం మామూలే. అప్పటిదాకా పట్టుకున్నదంతా ఇంట్లో వదులుతారు. దాన్ని చూసి పడవ పడలేదనే నిర్ణయానికి రాకండి. రెండు రోజులు ఆగి పుస్తకం ముందు పెట్టండి. బోటు పేజీ దగ్గర ఆగుతారా, దాన్ని తిప్పేస్తారా చూడండి. తర్వాతి ప్రయాణం ఎప్పుడనేది అక్కడ తెలుస్తుంది.

బయట వరండాలో నాలుగు కొలతల జాకెట్లు, రెండు దుప్పట్లు పెట్టాం. పిల్లలను తెచ్చినవాళ్ళు భోజనాలకు ముందే ఒకసారి తొడిగి, భుజాలు పట్టుకుని లాగి చూసుకోండి. ఏ కొలత సరిపోయిందో అక్కడున్న పుస్తకంలో రాసి వెళ్తే, అందరికీ కలిపి ఒకేసారి తెప్పిస్తాం.